పేరు లేని మాత్ర

మా ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం ముట్టరు. పెళ్లివాళ్ల చీర ఎంత అర్జెంటైనా, షావుకారు ఎంత మొత్తుకున్నా ఆ రోజు పోగు పట్టుకుని తిరిగే నాడె కదలదు. మాది తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు. మాకు అమావాస్య పట్టింపేమీ లేదు. అయినా వీధి వీధంతా చప్పుడు ఆగిపోయాక మా ఒక్క మగ్గం టకటకమంటుంటే ఏం బాగుంటుంది? అందుకని మా మామ కాలం నుంచీ మాకూ ఆ రోజు సెలవే. తలంట్లు, కోడికూర, మధ్యాహ్నం ఒళ్లు తెలియని నిద్ర. పెళ్లయిన కొత్తలో, నెలకొక్కసారి మా ఆయన ముఖం పగటి వెలుతురులో కనిపించేది ఆ రోజేనని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ ఒక్క సెలవు రోజును కూడా మాకు మిగలనివ్వనివాడు ఒక డాక్టరు.

నడుం నొప్పి లేని నేతగాడు మా వీధిలో లేడు. గుంత మగ్గం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. నేలలో గొయ్యి తీసి, అందులోకి కాళ్లు దించి, కింద పలకలు తొక్కుతూ, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ముందుకు వంగి నేయాలి. మా ఆయనకు వయసు మీద పడకముందే నడుం పట్టేసింది. గుంతలోంచి లేచేటప్పుడు గోడ పట్టుకుని కాసేపు అట్లే నిలబడిపోయేవాడు. నూనె మర్దన, ఇసుక కాపడం, మెడికల్ షాపు బిళ్లలు అన్నీ అయ్యాయి. అప్పుడు ఎవరో చెప్పారు, హిందూపురంలో నొప్పుల ఆసుపత్రి అని ఒకటి పెట్టారు, బయటి నుంచి పెద్ద డాక్టరు వస్తాడు, అదీ అమావాస్య నాడే వస్తాడు అని. నేతవాళ్ల సెలవు చూసుకుని మరీ వస్తున్నాడంటే ఎంత మంచివాడో అనుకున్నాం.

మొదటిసారి వెళ్లి వచ్చినప్పుడు మా ఆయన చేతిలో ఒక కాగితం కవరు, అందులో విడి మాత్రలు ఉన్నాయి. అట్టలోంచి ఒలిచి ఇచ్చారు. పేరు లేదు, కంపెనీ లేదు. అది వాళ్ల సొంత మందట, బయట దొరకదట. మరునాడు పొద్దున ఒకటి మింగి గుంతలోకి దిగినవాడు మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే తప్ప లేవలేదు. సాయంత్రం ఇంకొకటి. గోడ పట్టుకోవడం మానేశాడు. నేనూ సంతోషపడ్డాను. ఎందుకు పడను? మొగుడు నొప్పి లేకుండా నిలబడితే ఏ ఆడది వద్దంటుంది?

మంచి డాక్టరు దొరికితే దాచుకునే వీధి కాదు మాది. ఒక ఇంట్లో దొరికింది ఇంకో ఇంటికి చెప్పకపోతే అన్నం సయించదు. మా ఆయన ముందు ఎదురింటి అన్నను తీసుకెళ్లాడు. ఆయనా మగ్గం మనిషే, మాకు చుట్టాలకంటే ఎక్కువ. తర్వాత పక్క వీధివాళ్లు. కొత్తవాళ్లను వెంటబెట్టుకుని వస్తే పాతవాళ్లకు చూపించుకునే ఫీజు ఉండదని ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి పెట్టారు. ఏడాది తిరిగేసరికి అమావాస్య పొద్దున హిందూపురం పోయే ప్యాసింజరులో ఒక పెట్టెడు మనుషులు మా నేతవాళ్లే ఉండేవారు.

మా వీధిలో దానికి పని మాత్ర అని పేరు పడింది. పని చేసే రోజుల్లోనే వేసుకోండి, సెలవు నాడు ఒంటికి విశ్రాంతి ఇవ్వండి అని డాక్టరే చెప్పాడట. కవరులో మాత్రలు కూడా సరిగ్గా అమావాస్య ముందురోజుకు అయిపోయేటట్టే ఇచ్చేవారు. ఎంత పద్ధతిగా ఇస్తున్నాడని మెచ్చుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఎందుకంటే అమావాస్య వచ్చిందంటే చాలు, మా ఇళ్లలో మగవాళ్లకు జబ్బు మొదలయ్యేది. పొద్దున్నే ఆపకుండా ఆవలింతలు, ముక్కు కారడం. తర్వాత చెమటలు, కడుపులో మెలిపెట్టడం, కాళ్లు ఒకచోట నిలవనీయకుండా పీకడం. ఊరికే కోపం. పిల్లలు గట్టిగా నవ్వినా మా ఆయన గ్లాసు విసిరేసేవాడు. అమావాస్యకు నొప్పులు ఎక్కువవుతాయని ఊళ్లో ఎప్పటి నుంచో ఉన్న మాటే కదా, అందరం అదే అనుకున్నాం. ఎదురింటి అన్న భార్య, నేను అక్క అని పిలిచే ఆమె, నిమ్మకాయలు దిష్టి తీసి వీధి మొగలో పారేసేది. మా అత్త పెనుకొండ దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి కొడుకు దండచేతికి కట్టింది. అమావాస్య పట్టింపు లేని ఇంట్లో కూడా అమావాస్య జబ్బు వచ్చింది చూడండి, ఎవరికీ అనుమానం రాలేదు. డాక్టరేమో, చూశారా మందు లేకపోతే మీ జబ్బు ఎట్లా బయటపడుతుందో అని చెప్పి ఒకటికి రెండు చేశాడు, తర్వాత రంగు గొట్టం మాత్ర ఒకటి కలిపాడు.

ఒక అమావాస్యకు మా ఆయన నడవలేని స్థితిలో ఉంటే మొదటిసారి నేనూ వెంట వెళ్లాను. ఆసుపత్రి అంటే పెద్ద హాలు, ఒక గది, ఒక మందుల కౌంటరు, అంతే. గదిలో ఉన్నంతసేపటికంటే కౌంటరు దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాం. కవరు చేతికి రాగానే ఆయన అక్కడే గుప్పెట్లోకి వంచుకుని ఎన్నో మింగేశాడు. కాసేపటికి మనిషి తేరుకున్నాడు. తిరుగు రైల్లో నవ్వాడు, వాగాడు, పక్కవాళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. పెనుకొండ ఇంకా రాలేదు, మాట మధ్యలో ఆగిపోయింది. కళ్లు పైకి తేలిపోయాయి, చేతులు కొయ్యబారాయి, నోట్లోంచి నురగ. పెట్టెలో ఉన్నవాళ్లు పెనుకొండలో దించి ఆటో ఎక్కించారు. సర్కారు ఆసుపత్రికి చేరేసరికి ఇంకా పొద్దు ఉంది.

అక్కడ డ్యూటీలో ఉన్నది నాకంటే చిన్నదైన ఒక డాక్టరమ్మ. ఫిట్స్ ఆగడానికి ఇంజెక్షన్ ఇచ్చి, ఏం మందులు వాడుతున్నాడని అడిగింది. నేను కవరు ఆమె ముందు పెట్టాను. ఒక్కో మాత్రను తిప్పి చూసి, దీని పేరేంటని అడిగింది. తెలియదన్నాను. జబ్బేంటని అడిగితే నడుం నొప్పి, అదిగాక అమావాస్య జబ్బు అని అంతా చెప్పాను. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు.

"అమావాస్య రోజు ఈ మాత్ర వేసుకుంటాడా అమ్మా?"

వేసుకోడు, సెలవు కదా అన్నాను. అంటుండగానే తెలిసింది. మాత్ర లేని రోజు. నెలకు ఒక్క రోజు మాత్ర లేదు, ఆ ఒక్క రోజే జబ్బు. ఇంత తేలిక లెక్క మా వీధిలో ఒక్కరి బుర్రకూ తట్టలేదు.

ఆమె నిదానంగా విడమరిచి చెప్పింది. ఇవి మత్తు జాతి నొప్పి మందులై ఉంటాయి. ఒంటికి అలవాటైతే, ఆపిన రోజు ఒళ్లే తిరగబడుతుంది. ఎక్కువైతే ఇట్లా ఫిట్స్ వస్తాయి. ఒక్కసారిగా మానేసినా ముప్పే. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలి, తాను తగ్గిస్తుంది, కానీ మందు ఏదో, ఎంత బలమో తెలియాలి. పేరు తెలియని మందును దేన్నుంచి ఎంతకు తగ్గించమంటావు అని అడిగింది. ఆ పేరు తేలేదాకా పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అంతకు మించి ఇవ్వవద్దంది.

పేరు నేను తెస్తానన్నాను. ఆ మాట అన్నప్పుడు ఎంత తిక్కలో ఉన్నానో నాకే తెలుసు.

రెండు రోజులాగి హిందూపురం వెళ్లాను. కౌంటరు మనిషి నన్ను ఎగాదిగా చూసి, సారు అమావాస్యకే వస్తాడు, అప్పుడు రా అన్నాడు. సరే అన్నాను. ఆ నెలంతా కవరు నా దగ్గరే పెట్టుకుని లెక్కగా ఇచ్చాను. మా ఆయన అలిగాడు, తిట్టాడు, అన్నం పళ్లెం తోసేశాడు. నువ్వు ఏమన్నా చెయ్యి, ఆ పేరు కనుక్కోకుండా ఉండేదాన్ని కాదని చెప్పాను.

అమావాస్య వచ్చింది. అదే రైలు, అదే జనం. టోకెను తీసుకుని కూర్చున్నాను. హాలు నిండా మా ఊరివాళ్లే, ఆవలిస్తూ, కడుపు పట్టుకుని, కాళ్లు ఊపుతూ. ముందు కూడా చూసిన మనుషులే. కానీ ఇప్పుడు వాళ్లు రోగుల్లా కనిపించలేదు. దాహానికి అల్లాడుతున్న గొడ్ల మందలా కనిపించారు. తొట్టి తాళం ఒక్కడి దగ్గర ఉంది.

నా వంతు వచ్చింది. లోపలికి వెళ్లి, మా ఆయనకు ఫిట్స్ వచ్చాయి, వేరే డాక్టరు మందు పేరు అడుగుతోంది, చెప్పండి అన్నాను. మర్యాదగానే అడిగాను. ఆయన నావైపు చూడకుండా, అది మా సొంత తయారీ, పేరుతో నీకేం పని, మనిషిని తీసుకురా, మోతాదు మారుస్తానన్నాడు.

"పేరు చెప్పేదాకా నేను ఈడ్నుంచి లేసేది లేదు సార్," అన్నాను.

గంట కొట్టి కౌంటరు మనిషిని పిలిచాడు. వాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అంతమంది చూస్తుండగా ఆడమనిషి మీద చెయ్యి వేయడానికి వాడికి ధైర్యం చాలలేదు. నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. నేను మొండిదాన్నని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. ఆ రోజు ఆ మొండితనమే నాకు దిక్కయింది.

బయట గొడవ మొదలైంది. లోపల ఎవరు అంతసేపు, మా ప్రాణాలు పోతున్నాయి అని అరుపులు. డాక్టరు హాయిగా వెనక్కి వాలి, ఈమె లేస్తేనే మిగతావాళ్లను చూస్తాను, ఈమెకే చెప్పుకోండి అన్నాడు. మా మీదికి మావాళ్లనే ఉసిగొల్పడం ఎంత సులువో చూడండి. తలుపు తోసుకుని ముందు వచ్చింది ఎదురింటి అక్క. నా రెండు కాన్పులకూ పథ్యం వండి పెట్టిన మనిషి.

"ఏమ్మే, నీకేమన్నా తిక్క పట్టిందా? మా యప్ప ఎట్ల వణుకుతాండాడో పోయి చూడు. లెయ్ ముందు," అని మొగుణ్ణి చూపిస్తూ నా చెయ్యి పట్టి గుంజింది. గాజులు పగిలి మణికట్టు కోసుకుపోయింది. నేను లేవలేదు. నెత్తురు కంటే ఎక్కువ బాధపెట్టినవి ఆమె కళ్లు. నన్ను పరాయిదాన్ని చూసినట్టు చూసింది.

చివరికి ఆ డాక్టరుకే విసుగొచ్చింది. బేరం ఆగిపోతోంది మరి. "ట్రమడాల్. రంగుది టపెంటడాల్. చాలా? ఇక పో," అన్నాడు. బలం ఎంతో కూడా చెప్పమన్నాను. చెప్పాడు. నేను అక్కడే, తలుపు దగ్గర నిలబడినవాళ్లందరికీ వినబడేటట్టు గట్టిగా మళ్లీ అన్నాను. మరిచిపోకుండా ఉండడానికి ఒకటి, అందరి చెవినా పడాలని ఒకటి. అప్పుడు లేచి నిలబడి ఇంకో మాట అడిగాను. ఈ మాత్ర ఆపడం వల్లనే మావాళ్లకు ఈ చెమటలు, ఈ కాళ్లు పీకడం వస్తున్నాయా, కాదా, వీళ్ల ముందు చెప్పండి.

అబద్ధం చెబుతాడనుకున్నాను. ఆ మాత్రం భయం కూడా లేదు మనిషికి.

"వస్తాయి. అందుకే నెలనెలా రమ్మని చెప్పేది. మగ్గం నేసినన్నాళ్లు వేసుకోవాల్సిందే."

తలుపు దగ్గర ఉన్నవాళ్లంతా విన్నారు. ఎదురింటి అన్న విన్నాడు, అక్క విన్నది. ఇక ఈ హాలంతా కోపంతో అంటుకుంటుందని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. కౌంటరు మనిషి తర్వాతి టోకెను పిలిచాడు. అన్న నన్ను తప్పుకుని లోపలికి వెళ్లాడు. నేను స్టేషను దాకా ఏడుస్తూ నడిచాను, బాధతో కాదు, కోపంతో.

పెనుకొండ డాక్టరమ్మకు పేర్లు అప్పజెప్పాను. ఆమె పై అధికారులకు రాసింది. ఒక అమావాస్యకు ఆ ఆసుపత్రి మూసి ఉంది. తర్వాతి అమావాస్యకు హిందూపురంలోనే పక్క వీధిలో కొత్త బోర్డుతో తెరుచుకుంది. మనిషి వాడే. సరే, వాడి సంగతి ఇంకా తేలలేదు. నేను ముందు నా ఇల్లు చూసుకోవాలి.

తగ్గించడం అంటే మాటలు కాదు. అర మాత్ర తగ్గించిన ప్రతిసారీ కొన్ని రోజులు ఇల్లు నరకమే. మా ఆయన రాత్రీ పగలూ కాళ్లు నేలకు కొట్టుకునేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా ముందు చెయ్యి చాచని మనిషి, గోడకు ఆనుకుని, "ఒక్కటియ్యి. ఒక్కటే. రేపట్నుంచి అడిగితే చెప్పుతో కొట్టు," అని బతిమాలాడు. ఇవ్వలేదు. వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఇంకోవైపు వీధి. చక్కెర అడిగితే ఇచ్చినట్టు మా వీధిలో మాత్ర అడిగితే మాత్ర ఇస్తారు. నేను గడప గడపకూ పోయి, మా ఆయనకు ఎవరూ ఇవ్వద్దని దండం పెట్టి చెప్పాను. కొందరు సరే అన్నారు. కొందరు, మొగుణ్ణి చంపుకుంటోందని నా వెనకే అన్నారు. నాకు వినబడేటట్టే అన్నారు.

షావుకారు చీర ఆలస్యమైందని మనిషిని పంపాడు. అప్పుడు నేనే గుంతలోకి దిగాను. చిన్నప్పుడు మా నాయన దగ్గర నేర్చిన పనే, చెయ్యి మరిచిపోలేదు. సగం చీర నేను నేశాను. నడుం విరిగినంత పనయింది. ఆ నొప్పికి ఒక మాత్ర పడితే ఎంత సుఖంగా ఉంటుందో నాకు ఆ రోజు అర్థమయింది. ఆ తర్వాత ఆయన్ని తిట్టడం తగ్గించాను.

నెలలు పట్టింది. ఒకరోజు డాక్టరమ్మ ఇక మాత్ర లేదంది. నడుం నొప్పి పోయిందా అంటే పోలేదు. కానీ అది పడుకుంటే తగ్గే నొప్పి. కూర్చునేందుకు ఎత్తు పీట చేయించాం, మధ్యలో లేచి తిరగమని ఆమె చెప్పిన కసరత్తు చేస్తున్నాడు. నేసేది తగ్గింది, మనిషి దక్కాడు. మా ఆయన మాత్రం ఒక్కదానికి కుమిలిపోయేవాడు. ఎదురింటి అన్న మగ్గం చప్పుడు వినబడితే తల వంచుకునేవాడు. అన్నకు ఇప్పుడు పూటకు మూడు మాత్రలు చాలడం లేదని వీధంతా తెలుసు.

మొన్న అమావాస్య ముందురోజు ఎదురింటి అక్క మా గడపలో నిలబడింది. ఆ హాలు గొడవ తర్వాత ఆమె మా ఇంటికి రావడం అదే మొదలు. లోపలికి రమ్మంటే రాలేదు. నా మణికట్టు వైపు చూస్తూ అడిగింది.

"మా యప్పకీ నిన్న ఫిట్సు వచ్చెమ్మే. నువ్వు పోయేది పెనుకొండలో యాడ? మమ్మల్నీ పిల్చుకపోతావా?"

పిలుచుకుపోతానన్నాను. ఇంకేం అనలేదు. మరునాడు పొద్దున నలుగురం స్టేషనుకు వెళ్లాం. పెనుకొండకు పోవాలన్నా, హిందూపురం పోవాలన్నా మాకు ఎక్కాల్సింది ఆ ఒక్క ప్యాసింజరే. పెట్టె నిండా మా ఊరి నేతవాళ్లు. మమ్మల్ని చూసి కొందరు ముఖం తిప్పుకున్నారు. పెనుకొండ వచ్చేసరికి అన్నకు చెమటలు మొదలయ్యాయి. బండి ఆగింది. అక్క ముందు దిగింది, నేను దిగాను. అన్న కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు, దిగడు. ఈ ఒక్క నెల హిందూపురం పోయి తెచ్చుకుంటా, వచ్చే నెల ఈడికే వస్తా అంటాడు. అక్క ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏడుపు మొదలుపెట్టింది. బండి కూత వేసింది.

మా ఆయన ఇంకా లోపలే ఉన్నాడు. అన్న ముందు మోకాళ్ల మీద కూర్చుని, కమ్మీ మీది ఆయన వేళ్లను ఒక్కొక్కటీ విడదీస్తూ మాట్లాడుతున్నాడు. పెట్టెలో అందరికీ వినబడింది.

"నిన్ను హిందూపురానికి పిల్చుకపోయింది నేనే గదన్నా. తప్పు నాది. నువ్వు దిగకుంటే నేనూ దిగేది లేదు. ఆడికే పోదాం పా, ఇద్దరం మాత్రలు తిందాం మళ్లా."

మా ఆయన అన్నంత పనీ చేసే మనిషి. బండి కదిలింది. నేను తలుపు పక్కన పరుగెత్తాను. అప్పుడు అన్న లేచాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని, పడుతూ లేస్తూ, కదులుతున్న బండి నుంచి ప్లాట్‌ఫారం మీదికి దిగారు.

బండి హిందూపురం వైపు సాగిపోయింది. కిటికీల్లో మా ఊరివాళ్ల ముఖాలు మావైపే చూస్తున్నాయి. ఒక్కరు కూడా దిగలేదు. వాళ్ల పేర్లన్నీ నాకు తెలుసు.